ప్రభావళిలో కుట్టుమిషను: యొలాండా లోపెజ్ చిత్రత్రయం – ఒక పరిశీలన

9.0 లక్ష్యాలు

ఈ భాగాన్ని చదివిన తరవాత మీరు:
• ఒక సమకాలీన చిత్రాన్ని వర్ణన, సందర్భం, విశ్లేషణ, మూల్యాంకనం అనే నాలుగు దశల్లో పరిశీలించగలుగుతారు.
• చికానా కళ అంటే ఏమిటో, అది ఏ చరిత్రలోంచి పుట్టిందో వివరించగలుగుతారు.
• ప్రజలకు బాగా తెలిసిన దేవతామూర్తిని ఒక చిత్రకారిణి ఎలా మార్చి చూపిందో, ఆ మార్పు ఎందుకు చేసిందో చెప్పగలుగుతారు.
• తెలంగాణ స్త్రీ రూపాన్ని చూపిన కళాకృతులను ఈ చిత్రాలతో పోల్చి, మీ సొంత అభిప్రాయాన్ని కారణాలతో రాయగలుగుతారు.

9.1 పరిచయం

హైదరాబాదు నగరానికి పడమటి అంచున, హైదరాబాద్ విశ్వవిద్యాలయం ప్రాంగణానికి దగ్గరలో నల్లగండ్ల ఉంది. అక్కడ తెల్లవారుజామున ఒకే రోడ్డు మీద ఇద్దరు స్త్రీలు ఎదురుపడతారు. ఒకామె స్పోర్ట్స్ బూట్లు వేసుకుని వ్యాయామం కోసం పరుగెత్తుతుంది. ఇంకొకామె టిఫిన్ డబ్బా సంచిలో పెట్టుకుని, అపార్ట్‌మెంట్లలో ఇంటిపనికో, కడుతున్న భవనం దగ్గర కూలికో నడిచిపోతుంది. మొదటామె అమ్మ కూడా ఒకప్పుడు రెండో ఆమెలాగే బతికి ఉండవచ్చు. తల్లి పడిన కష్టం వల్లనే కూతురి కాళ్లకు ఆ బూట్లు వచ్చి ఉండవచ్చు. మనలో చాలామంది ఇళ్లలో ఇది కొత్త సంగతి కాదు. కాని ఆ తల్లి, ఆ కూతురు ఒకే చిత్రంలో, అదీ పూజగదిలో పెట్టుకునే దేవుడి పటంలో, కలిసి కనిపించడం మాత్రం అరుదు.

1978లో అమెరికాలోని శాన్ డియాగో నగరంలో యొలాండా లోపెజ్ అనే చిత్రకారిణి ఈ పని చేసింది. ఆమె వేసిన మూడు చిత్రాల వరుసను ఈ భాగంలో పరిశీలిద్దాం. వాటిలో కూతురు పరుగెత్తుతూ ఉంటుంది, తల్లి మిషను కుడుతూ ఉంటుంది, అమ్మమ్మ ప్రశాంతంగా కూర్చుని ఉంటుంది. ముగ్గురి వెనకా ఒకే దేవత ప్రభావళి వెలుగుతూ ఉంటుంది.

దూరంగా ఉన్న ఈ చిత్రాలను తెలుగులో చదువుకునే మనం ఎందుకు పరిశీలించాలి? దేవతను సామాన్య స్త్రీగా చూపాలా, సామాన్య స్త్రీని దేవతగా చూపాలా అనే ప్రశ్న మన దగ్గర కూడా బహిరంగ చర్చకు వచ్చింది. ఆ చర్చను స్పష్టంగా అర్థం చేసుకోవడానికి లోపెజ్ చిత్రాలు సాయపడతాయి. చిత్రాలను ఇక్కడ ముద్రించలేదు కాబట్టి 9.4లోని వర్ణనను నెమ్మదిగా చదివి, మనసులో బొమ్మ కట్టుకోండి.

9.2 చికానా అంటే ఎవరు?

1846–48 మధ్య అమెరికాకు, మెక్సికోకు యుద్ధం జరిగింది. యుద్ధం ముగిశాక 1848 ఫిబ్రవరి 2న కుదిరిన గ్వాడలూప్ హిడాల్గో ఒప్పందం ప్రకారం మెక్సికో తన భూభాగంలో దాదాపు సగాన్ని కోల్పోయింది. కాలిఫోర్నియా అలా అమెరికాలో భాగమైంది. అక్కడ అప్పటికే ఉన్న మెక్సికన్లు ఊరు కదలకుండానే వేరే దేశంలోకి వచ్చి పడ్డారు. తరవాతి కాలంలో పొలం పనులకు, ఫ్యాక్టరీ పనులకు మెక్సికో నుంచి చాలామంది వలస వచ్చారు. బడిలో, ఉద్యోగంలో, ఇళ్లు అద్దెకు తీసుకోవడంలో వీరందరూ వివక్షను ఎదుర్కొన్నారు.

1960లలో వీరి పిల్లల తరం హక్కుల కోసం ఉద్యమించింది. అప్పటిదాకా చిన్నచూపుతో వాడుతూ వచ్చిన 'చికానో' అనే మాటను వారు గర్వంగా తమ పేరుగా చేసుకున్నారు. 'చికానో' పుంలింగ రూపం, 'చికానా' స్త్రీలింగ రూపం. 'దళిత' అనే పదాన్ని మన దగ్గర ఉద్యమం ఆత్మగౌరవ పదంగా నిలిపిన తీరును గుర్తుచేసుకుంటే ఇది సులభంగా అర్థమవుతుంది.

ఈ ఉద్యమంలో స్త్రీలు పురుషులతో సమానంగా పనిచేశారు. అయినా ఉద్యమం గీసుకున్న బొమ్మల్లో స్త్రీకి దక్కిన స్థానం ఎక్కువగా త్యాగమూర్తి అయిన తల్లిది, లేదా వీరుడి పక్కన నిలబడే ప్రియురాలిది. చికానా చిత్రకారిణులు దీన్ని ప్రశ్నించారు. జాతి వివక్షను బయట, పురుషాధిక్యాన్ని ఇంట్లో, ఏకకాలంలో ఎదుర్కోవలసి రావడం వారి కళకు మూలం.

యొలాండా లోపెజ్ 1942లో శాన్ డియాగోలో పుట్టింది. ఆ నగరంలోని లోగన్ హైట్స్ అనే మెక్సికన్ల పేటలో, తల్లి దగ్గర, తల్లి తరఫు అమ్మమ్మ తాతయ్యల దగ్గర పెరిగింది. తల్లి కుట్టుపని చేసి కుటుంబాన్ని పోషించింది. పెద్ద రహదారి, దాని తరవాత వంతెన ఆ పేటను చీల్చుకుంటూ వెళ్లాయి. 1970లో అక్కడి ప్రజలు వంతెన కింది స్థలాన్ని ఆక్రమించి తమ పార్కుగా మార్చుకున్నారు. ఆ వంతెన స్తంభాల మీద తమ చరిత్రను బొమ్మలుగా గీశారు. దాన్నే చికానో పార్క్ అంటారు. లోపెజ్ శాన్ ఫ్రాన్సిస్కోలో విద్యార్థి ఉద్యమాల్లో పాల్గొని, తిరిగి సొంత నగరానికి వచ్చి, కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం శాన్ డియాగో శాఖలో 1979లో కళల్లో స్నాతకోత్తర పట్టా పొందింది. మనం చూడబోయే చిత్రాలు ఆమె విద్యార్థినిగా ఉన్నప్పుడు వేసినవి. 2021 సెప్టెంబరులో ఆమె మరణించింది. ఆమె ఒక్కరి చిత్రాలతోనే ఒక మ్యూజియం ఏర్పాటు చేసిన మొదటి ప్రదర్శన ఆ తరవాతి నెలలో శాన్ డియాగోలోనే ప్రారంభమైంది. దాన్ని చూడడానికి ఆమె లేదు.

9.3 గ్వాడలూప్ మాత: అందరికీ తెలిసిన పటం

లోపెజ్ చిత్రాలు అర్థం కావాలంటే ముందు అవి ఏ పటాన్ని మార్చాయో తెలియాలి. 1531లో మెక్సికో నగరం దగ్గరి తెపెయాక్ కొండ మీద హువాన్ డియాగో అనే ఆదివాసీకి మేరీమాత దర్శనమిచ్చిందని, అతని పైవస్త్రం మీద ఆమె రూపం ముద్రపడిందని భక్తుల నమ్మకం. ఆ కొండ అంతకుముందు తొనాంట్సిన్ అనే స్థానిక దేవతకు పూజాస్థలమని చెబుతారు. స్పెయిన్ వాళ్లు తెచ్చిన మతం, స్థానికుల పాత భక్తి, ఈ రెండూ ఆ రూపంలో కలిసిపోయాయి. ఆమె చామనచాయ రంగు కూడా ఆమెను స్థానికుల తల్లిగా నిలబెట్టింది.

పటంలో ఆమె నిలబడి, తల కొద్దిగా వంచి, కళ్లు దించుకుని, చేతులు జోడించి ఉంటుంది. గులాబీరంగు దుస్తుల మీద నక్షత్రాలున్న నీలిఆకుపచ్చ పైవస్త్రం తల నుంచి పాదాల దాకా కప్పి ఉంటుంది. ఒంటి చుట్టూ సూర్యకిరణాల ప్రభావళి. కాళ్ల కింద నెలవంక. దాని కింద ఆమెను మోస్తున్న చిన్న దేవదూత.

ఈ పటం గుడికి పరిమితం కాలేదు. 1810లో మెక్సికో స్వాతంత్ర్య పోరాటాన్ని మొదలుపెట్టిన మిగెల్ హిడాల్గో దీన్నే జెండాగా పట్టుకున్నాడు. 1966లో సీజర్ చావెజ్ నాయకత్వంలో కాలిఫోర్నియా వ్యవసాయ కూలీలు డెలానో నుంచి శాక్రమెంటో దాకా పాదయాత్ర చేసినప్పుడు ముందు వరసలో ఈ పటమే నడిచింది. ఇంటి గోడ మీద, దుకాణంలో, కేలెండరు మీద, లారీ మీద ఎక్కడ చూసినా ఆమె ఉంటుంది. మన ఇళ్లలో లక్ష్మీ సరస్వతుల పటాలు ఎంత సహజంగా కనిపిస్తాయో, వారికి ఇది అంతే సహజం. 1894లో రాజా రవివర్మ బొంబాయి దగ్గర స్థాపించిన అచ్చుయంత్రశాల దేవతల బొమ్మలను ఇంటింటికీ ఎలా చేర్చిందో ఇంతకుముందు భాగాల్లో చదువుకున్నాం. అచ్చుపటం వల్ల ఒక రూపం అందరిదీ అవుతుంది. అయితే ఇంకో రూపాన్ని ఊహించుకోవడం కూడా కష్టమవుతుంది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి – 1
(అ) 'చికానా' అనే పదం ఎవరిని సూచిస్తుంది?
(ఆ) గ్వాడలూప్ మాత పటంలోని ఐదు ముఖ్య చిహ్నాలను రాయండి.

9.4 మూడు చిత్రాలు: వర్ణన

విమర్శలో మొదటి దశ వర్ణన. అర్థం చెప్పే తొందర లేకుండా, కనిపించేదాన్ని కనిపించినట్టు రాయడమే వర్ణన. ఈ మూడూ కాగితం మీద ఆయిల్ పాస్టెల్‌తో వేసినవి. ఆయిల్ పాస్టెల్ అంటే నూనె, మైనం కలిసిన రంగుకడ్డీ. పిల్లలు బడిలో వాడే రంగుకడ్డీలకు ఇది దగ్గరి చుట్టం. ఖరీదైన కాన్వాసు, తైలవర్ణాలు కాకుండా చేతికి అందే సాధనాన్ని ఎంచుకోవడం కూడా గమనించదగిన విషయమే.

9.4.1 'గ్వాడలూప్ మాతగా చిత్రకారిణి స్వీయచిత్రం'

చిత్రకారిణి మనకు ఎదురుగా పరుగెత్తుకుంటూ వస్తుంది. ముఖంలో నవ్వు ఉంది. గులాబీరంగు గౌను మోకాళ్ల పైకి ఎగిరింది. పిక్కలు బలంగా ఉన్నాయి. కాళ్లకు పరుగు బూట్లు ఉన్నాయి. ఒక చేత్తో పామును పట్టుకుంది. ఇంకో చేత్తో నక్షత్రాల పైవస్త్రాన్ని ఎగరేస్తూ తెస్తోంది. నెలవంక మీది నుంచి దూకి, కింద ఉన్న దేవదూతను దాటుకుని తొక్కుతూ వస్తోంది. దేవదూత రెక్కల రంగులు ఎరుపు, తెలుపు, నీలం. అవి అమెరికా జెండా రంగులు. వెనక ప్రభావళి వెలుగుతోంది.

9.4.2 'మార్గరెట్ ఎఫ్. స్టూవర్ట్: గ్వాడలూప్ మాత'

ఇందులో ఉన్నది చిత్రకారిణి తల్లి. కళ్లజోడు పెట్టుకున్న నడివయసు స్త్రీ, కుట్టుమిషను ముందు కూర్చుని ఉంది. ఒళ్లు బరువుగా ఉంది. దృష్టి పని మీద ఉంది. ఆమె కుడుతున్నది మామూలు గుడ్డ కాదు, నక్షత్రాలున్న పైవస్త్రం. ఆమె చుట్టూ అదే ప్రభావళి.

9.4.3 'విక్టోరియా ఎఫ్. ఫ్రాంకో: గ్వాడలూప్ మాత'

ఇందులో ఉన్నది అమ్మమ్మ. నక్షత్రాల వస్త్రం పరిచిన పీట మీద కూర్చుంది. చేతుల్లో కత్తి, ఒలిచిన పాము చర్మం ఉన్నాయి. ముఖంలో భయం లేదు, గర్వం లేదు, ప్రశాంతత ఉంది. ఆమె వెనక కూడా అదే ప్రభావళి.

9.5 విశ్లేషణ: వస్త్రం చెప్పే కథ

ఈ మూడింటిలో పరుగెత్తే చిత్రమే ఎక్కువ ప్రసిద్ధం. దాన్ని ఒక్కదాన్నే చూస్తే అర్థం సులభంగా తేలిపోతుంది. కదలలేని దుస్తుల్లో నిలబెట్టిన దేవత, కట్లు తెంచుకుని పరుగెత్తింది. చేతులు జోడించడం మానేసింది. తల ఎత్తి నవ్వింది. ఇది స్త్రీ స్వేచ్ఛ. ఈ వ్యాఖ్యానం తప్పు కాదు, కాని సగమే. ఒక్క చిత్రాన్ని చూసి ఆగిపోతే ఇది ఒక వ్యక్తి గెలుపు కథ అవుతుంది. మూడింటినీ కలిపి చూస్తే ఒక కుటుంబంలోని మూడు తరాల శ్రమ కథ అవుతుంది.

దీనికి ఆధారం నక్షత్రాల వస్త్రం. మూల పటంలో అది పైనుంచి కిందిదాకా కప్పిన పవిత్ర వస్త్రం. అది ఎక్కడి నుంచి వచ్చిందని ఎవరూ అడగరు. లోపెజ్ ఆ ప్రశ్న అడిగింది. తల్లి చిత్రంలో సమాధానం ఉంది. ఆ వస్త్రాన్ని ఒక స్త్రీ మిషను మీద కుట్టింది. అమ్మమ్మ చిత్రంలో అది కూర్చోవడానికి పరిచిన గుడ్డ. జీవితమంతా పనిచేసిన మనిషికి అది విశ్రాంతినిస్తోంది. కూతురి చిత్రంలో అది భుజం మీది బరువు కాదు, గాలిలో ఎగిరే జెండా. ఒకరు కుట్టారు, ఒకరు దాని మీద సేదతీరారు, ఒకరు దాన్ని ఎగరేశారు. కూతురు పరుగెత్తగలగడానికి వెనక తల్లి కుట్టుమిషను ఉంది. ఈ విషయం చెప్పడానికి లోపెజ్ ఒక్క మాట రాయలేదు. ఒక గుడ్డను మూడు చోట్ల పెట్టింది, అంతే.

రెండవ అంశం పాము. దీని దగ్గర మనం జాగ్రత్తగా ఉండాలి. నాగులచవితికి పుట్టలో పాలు పోసే మనకు పాము భక్తితోను, సంతానంతోను ముడిపడిన చిహ్నం. క్రైస్తవ సంప్రదాయంలో అది పాపానికి గుర్తు. మెక్సికో ఆదివాసీ సంప్రదాయంలో కొయాట్లిక్యూ అనే దేవత పాములతో అల్లిన లంగా ధరిస్తుంది. అక్కడ పాము శక్తికి, పుట్టుకకు, మరణానికి సంబంధించింది. లోపెజ్ చిత్రకారిణి పామును తొక్కడం లేదు, చేత్తో పట్టుకుని వెంట తెచ్చుకుంటోంది. కాబట్టి ఇక్కడ ఆదివాసీ అర్థమే బలంగా ఉందని చెప్పవచ్చు. చిహ్నానికి అర్థం చెప్పేటప్పుడు మన ఇంటి అర్థాన్ని వెంటనే అంటగట్టకూడదు. చిత్రం లోపలి ఆధారం ఏ అర్థానికి సాయపడుతుందో చూడాలి.

మూడవ అంశం పేర్లు. తల్లి, అమ్మమ్మ చిత్రాల శీర్షికల్లో వారి పూర్తి పేర్లు ఉన్నాయి. 'కష్టజీవి అయిన తల్లి' అనో, 'మెక్సికన్ వృద్ధురాలు' అనో లోపెజ్ రాయలేదు. మార్గరెట్ ఎఫ్. స్టూవర్ట్, విక్టోరియా ఎఫ్. ఫ్రాంకో అని రాసింది. పేరు ముందు, దేవత పేరు తరవాత. ఇది చిన్న విషయంగా కనిపిస్తుంది. కాని పనిచేసే స్త్రీలు కళలో ఎక్కువగా పేరు లేకుండానే కనిపిస్తారు. వారిని గీసినవారి పేరు మాత్రం చరిత్రలో ఉంటుంది.

నాలుగవది, అన్నిటికన్నా ముఖ్యమైనది, ప్రభావళి. లోపెజ్ దేవత భంగిమను మార్చింది, దుస్తులను మార్చింది, దేవదూతను తొక్కించింది. కాని ప్రభావళిని మూడు చిత్రాల్లోనూ ఉంచింది. దేవతను మామూలు మనిషి చేయాలంటే వెలుగును తీసేస్తే సరిపోయేది. ఆమె అలా చేయలేదు. వెలుగును ఉంచి, దాని మధ్యలోకి తన అమ్మను తీసుకువచ్చింది. అందువల్ల తల్లి చిత్రంలో కుట్టుమిషను కూడా ప్రభావళి లోపలే ఉంది. పని మానేశాక దక్కే గౌరవం కాదు అది. పని చేస్తూ ఉండగానే దక్కిన గౌరవం.

మీ ప్రగతిని పరీక్షించుకోండి – 2
(అ) నక్షత్రాల వస్త్రం మూడు చిత్రాల్లో ఎలా మారింది?
(ఆ) పాము చిహ్నాన్ని వ్యాఖ్యానించేటప్పుడు పాటించవలసిన జాగ్రత్త ఏమిటి?

9.6 తెలంగాణ రూపాలతో పోలిక

పోలిక అంటే ఏది గొప్పదో తేల్చడం కాదు. ఒకటి పక్కన ఒకటి పెడితే, విడిగా చూసినప్పుడు కనిపించనిది కనిపిస్తుంది. సామాన్య స్త్రీకి కళలో గౌరవం ఎలా ఇవ్వాలనే ప్రశ్నకు తెలంగాణలో వచ్చిన రెండు సమాధానాలను చూద్దాం.

9.6.1 తెలంగాణ తల్లి

ప్రత్యేక రాష్ట్ర ఉద్యమ కాలంలో తెలంగాణ తల్లి రూపం ఊరూరా విగ్రహమైంది. ఆ రూపంలో కిరీటం, నగలు, ఒక చేతిలో బతుకమ్మ, ఇంకో చేతిలో మొక్కజొన్న కంకులు ఉండేవి. 2024 డిసెంబరు 9న హైదరాబాదులోని రాష్ట్ర సచివాలయ ప్రాంగణంలో ప్రభుత్వం కొత్త రూపంతో విగ్రహాన్ని ఆవిష్కరించింది. కొత్త రూపానికి కిరీటం లేదు. ఆకుపచ్చ చీర కట్టుకున్న స్త్రీ, ఒక చేతితో అభయమిస్తూ, ఇంకో చేతిలో వరి, జొన్న, సజ్జ, మొక్కజొన్న పట్టుకుని ఉంది. దీని మీద తీవ్రమైన చర్చ జరిగింది. పల్లెల్లో పనిచేసే స్త్రీయే తెలంగాణ తల్లి, ఆమెకు కిరీటం అక్కర్లేదని ఒక వాదన. ఉద్యమంలో జనం చేతులెత్తి మొక్కిన రూపాన్ని మార్చకూడదు, బతుకమ్మను తీసేయడం సంస్కృతిని తీసేయడమే అని ఇంకో వాదన.

రాజకీయాలను పక్కనపెట్టి కేవలం బొమ్మల భాషలో చూస్తే, ఈ రెండు వాదనల వెనకా ఒకే ఊహ ఉంది. కిరీటం ఉంటే దేవత, లేకపోతే సామాన్య స్త్రీ. రెండింటిలో ఒకటే ఎంచుకోవాలి. లోపెజ్ చిత్రాలు మూడో దారి ఉందని చూపుతాయి. గౌరవచిహ్నాన్ని తీసేయకుండా, దాన్ని పనిచేసే మనిషికే ఇచ్చే దారి అది. కిరీటం ఉండాలా వద్దా అని కాక, ఆ కిరీటం కింద ఎవరి ముఖం ఉంది, ఆమె చేతులు ఏం చేస్తున్నాయి అని అడిగితే చర్చ ఇంకా ముందుకు వెళ్లేది. పాత రూపంలోను, కొత్త రూపంలోను తల్లి పంటను పట్టుకుని ఉంది. పంట పండించే పనిలో మాత్రం లేదు.

అయితే ఒక తేడాను మరవకూడదు. విగ్రహం అందరి తరఫునా నిలబడాలి. అందులో ఒక్కరి అమ్మ ముఖం పెట్టడం కుదరదు. లోపెజ్ వేసినది కాగితం మీది బొమ్మ. ఆమెకు ఆ స్వేచ్ఛ ఉంది. ప్రక్రియను బట్టి సాధ్యాలు మారతాయి.

9.6.2 తోట వైకుంఠం చిత్రాల్లో స్త్రీ

తెలంగాణ స్త్రీ అనగానే చాలామందికి గుర్తొచ్చేవి తోట వైకుంఠం చిత్రాలు. ఆయన 1942లో కరీంనగర్ ప్రాంతంలోని బూరుగుపల్లిలో జన్మించారు. లోపెజ్ పుట్టిన సంవత్సరం కూడా అదే. హైదరాబాదు లలితకళల కళాశాలలో, తరవాత బరోడాలో కె.జి. సుబ్రమణ్యన్ దగ్గర చదువుకున్నారు. బి. నర్సింగరావు తీసిన 'దాసి' చిత్రానికి కళాదర్శకత్వం వహించి జాతీయ పురస్కారం అందుకున్నారు. చిన్నతనంలో ఊళ్లో నాటకాల్లో ఆడవేషం కట్టిన మగ నటులు ఆయనను ఆకర్షించారు. ఆ అలంకరణ, ఆ నిలుపు ఆయన చిత్రాల్లో కనిపిస్తాయి.

వైకుంఠం స్త్రీలది నల్లని చాయ. నుదుట పెద్ద కుంకుమబొట్టు, పసుపు, కొప్పులో పూలు, వెడల్పాటి అంచుల చీర, ముదురు ఎరుపు, పసుపు, ఆకుపచ్చ రంగులు. తెల్లని చాయే అందమని అచ్చుపటాలు, సినిమాలు నేర్పిన కాలంలో నల్లని పల్లె స్త్రీని ఇంత నిండుగా, ఇంత పెద్దగా చూపడం సాహసమే. ఆయన కిరీటం పెట్టలేదు, కాని రంగుతోనే ఆమెకు వైభవం ఇచ్చారు. ఇది గొప్ప విజయం.

ఇప్పుడు లోపెజ్ తల్లి చిత్రాన్ని పక్కన పెట్టి చూడండి. వైకుంఠం స్త్రీకి సాధారణంగా పేరు లేదు. ఆమె ఒక నమూనా. చాలా చిత్రాల్లో ఆమె చేతులు పనిలో లేవు. అలంకరించుకుని కూర్చుని ఉంటుంది, లేదా చిలుకను పట్టుకుని ఉంటుంది. పండుగ రోజు పల్లెటూరి స్త్రీ అది. పనిరోజు స్త్రీ కాదు. ఐటీ కారిడార్‌లోని కార్యాలయాల్లో, ఇళ్లలో ఇలాంటి బొమ్మలు గోడకు అందాన్నిస్తాయి. ఆ గోడను తుడిచే స్త్రీకి, గోడ మీది స్త్రీకి చీరకట్టు ఒకటే కావచ్చు. కాని గోడ మీది బొమ్మ ఆమె పేరు అడగదు.

దీన్ని చిత్రకారుడి తప్పుగా చెప్పడం లేదు. ఊరిని వదిలి నగరానికి వచ్చిన మనిషి తన ఊరిని పండుగగా గుర్తుచేసుకోవడం సహజం. కాని జ్ఞాపకంలోని స్త్రీ, ఎదురుగా పనిచేస్తున్న స్త్రీ ఒకరు కారని గుర్తించడం విమర్శకుల బాధ్యత.

9.7 మూల్యాంకనం: లోపెజ్ చిత్రాల బలం, పరిమితి

పవిత్రమైన పటాన్ని ఇలా మార్చడం సరైనదేనా అనే ప్రశ్న వస్తుంది. ఈ మాతను కొత్తగా చూపిన చికానా కళాకారిణులు నిరసనలు ఎదుర్కొన్నారు. 1999లో ఆల్మా లోపెజ్ అనే మరో కళాకారిణి చేసిన ముద్రణాచిత్రాన్ని 2001లో శాంటా ఫే నగరంలోని మ్యూజియంలో ప్రదర్శించినప్పుడు పెద్ద వివాదం చెలరేగింది. భక్తుల బాధను తేలిగ్గా కొట్టిపారేయకూడదు. కష్టకాలంలో వారికి తోడున్న పటం అది. అయితే యొలాండా లోపెజ్ చిత్రాల్లో ఎగతాళి లేదు. దేవదూత మినహా ఏదీ అవమానానికి గురికాలేదు. ఆ దేవదూత కూడా అమెరికా జెండా రంగుల్లో ఉన్నాడు. ఆ రెక్కలు సూచించేది మతాన్ని కాదు, తమను అణచిన రాజ్యాన్ని అని అర్థం చేసుకోవడానికి అవకాశం ఉంది.

పరిమితి మరొక చోట ఉంది. పరుగెత్తే చిత్రం ఎంత ఆకర్షణీయమంటే, అది మిగిలిన రెండింటినీ వెనక్కి నెట్టేసింది. విడిగా చూసినప్పుడు అది బలమైన, ఆరోగ్యవంతమైన యువతి ప్రకటనలా కూడా కనిపించవచ్చు. వేగం, నవ్వు, మంచి బూట్లు ఉన్నవారే స్వేచ్ఛాజీవులు అనే అర్థం అందులోకి దూరవచ్చు. నల్లగండ్ల రోడ్డు మీద పరుగెత్తే ఆమెను చూసి ముచ్చటపడి, నడిచిపోయే ఆమెను చూడకుండా పోవడం లాంటిదే ఇది.

అందుకే మూడింటిలో తల్లి చిత్రమే గొప్పదని ఈ పాఠ్యరచయిత అభిప్రాయం. కూతురి చిత్రంలో మార్పు కంటికి వెంటనే కనిపిస్తుంది. తల్లి చిత్రంలో ఎవరూ పరుగెత్తరు, ఎవరినీ తొక్కరు. ఒక స్త్రీ తల వంచి మిషను కుడుతుంది. మూల పటంలోని దేవత కూడా తల వంచే ఉంది. అక్కడ అది వినయం. ఇక్కడ అది పని మీది శ్రద్ధ. భంగిమ దాదాపు అదే, అర్థం పూర్తిగా వేరు. పైగా దేవత వస్త్రాన్నే ఆమె కుడుతోంది. తన పవిత్రతను తానే తయారుచేసుకుంటోంది. ఇంతకన్నా లోతైన మార్పు పరుగులో లేదు. మీరు దీనితో ఏకీభవించనక్కర్లేదు. భిన్నంగా అనుకుంటే చిత్రం లోపలి ఆధారాలతో మీ వాదన రాయండి.

9.8 సారాంశం

యొలాండా లోపెజ్ 1978లో గ్వాడలూప్ మాత పటాన్ని ఆధారం చేసుకుని తన, తన తల్లి, తన అమ్మమ్మ చిత్రాలు వేసింది. అమెరికాలోని మెక్సికన్ల చరిత్ర, చికానో ఉద్యమం, అందులో స్త్రీల స్థానం మీద చికానాలు లేవనెత్తిన ప్రశ్న ఈ చిత్రాలకు నేపథ్యం. నక్షత్రాల వస్త్రం ద్వారా మూడు తరాల శ్రమ సంబంధాన్ని, శీర్షికల ద్వారా వ్యక్తుల గౌరవాన్ని, ప్రభావళి ద్వారా పనికి పవిత్రతను ఆమె చూపింది. తెలంగాణ తల్లి రూపాల చర్చ కిరీటం చుట్టూ తిరిగింది. వైకుంఠం చిత్రాలు పల్లె స్త్రీకి వైభవమిచ్చాయి, పేరును, పనిని ఎక్కువగా ఇవ్వలేదు. ఈ పోలిక వల్ల తేలేది ఒక్కటే. సామాన్య స్త్రీని గౌరవించడానికి వెలుగును ఆర్పనక్కర్లేదు, ఆమెను అలంకరించి పని నుంచి తప్పించనూ అక్కర్లేదు. ఆమె పేరుతో, ఆమె పనితో సహా వెలుగులోకి తీసుకురావచ్చు.

9.9 అభ్యాసం

మీ ఇంట్లో లేదా మీ వీధిలో ఉన్న ఒక దేవత పటాన్ని ఎంచుకోండి. దాన్ని పది నిమిషాలు చూసి, కనిపించే చిహ్నాలన్నిటినీ రాయండి. తరవాత మీ ఇంట్లో పనిచేసిన ముందు తరం స్త్రీలలో ఒకరిని ఆ పటంలో ఊహించండి. ఆమె చేతిలో ఏ వస్తువు ఉంటుంది? నాగలి, చాట, బీడీల చేట, కుట్టుమిషను, పలక? ఏ చిహ్నాన్ని ఉంచుతారు, దేన్ని మారుస్తారు, ఎందుకు? రెండు పేజీలకు మించకుండా రాయండి. శీర్షికలో ఆమె పూర్తి పేరు తప్పనిసరిగా రాయండి. పేరు తెలియకపోతే ఇంట్లో పెద్దవాళ్లను అడిగి తెలుసుకున్న తరవాతే రాయడం మొదలుపెట్టండి.

9.10 నమూనా పరీక్షా ప్రశ్నలు

I. ఈ క్రింది ప్రశ్నలకు 30 పంక్తుల్లో సమాధానాలు రాయండి.
1. యొలాండా లోపెజ్ మూడు చిత్రాలను కలిపి చూడడం వల్ల అర్థం ఎలా మారుతుందో వివరించండి.
2. సామాన్య స్త్రీకి కళలో గౌరవం ఇచ్చే పద్ధతులను లోపెజ్, వైకుంఠం చిత్రాల ఆధారంగా చర్చించండి.

II. ఈ క్రింది ప్రశ్నలకు 10 పంక్తుల్లో సమాధానాలు రాయండి.
1. గ్వాడలూప్ మాత పటం ప్రజా ఉద్యమాల్లో ఎలా ఉపయోగపడింది?
2. చిత్రశీర్షికలో పేరు ఉండడానికి గల ప్రాధాన్యం ఏమిటి?
3. తెలంగాణ తల్లి రూపం మీద జరిగిన చర్చను బొమ్మల భాషలో విశ్లేషించండి.